కొత్త పరిశోధనను నిపుణులు ఎలా తూకం వేస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

మెదడు మీదో, జీవకణాల మీదో, ప్రజారోగ్యం మీదో వారానికో సంచలన వార్త వస్తుంది. దాని అడుగున "నిపుణులు స్వాగతించారు" అనో, "నిపుణులు పెదవి విరిచారు" అనో ఒక ముక్క ఉంటుంది. ఆ నిపుణులెవరు, ఏం చూసి పెదవి విరిచారు, వాళ్ల మాట ఎంతవరకు పట్టించుకోవాలి అని చాలామంది అడుగుతుంటారు. పరిశోధన పేపర్లు చదివి వాటి మీద అభిప్రాయం రాయడం నా పనిలో భాగం కాబట్టి, నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు ఇక్కడ పెట్టాను. పెద్ద వరస అంటూ ఏమీ లేదు, మీకు కావలసిన దగ్గర మొదలుపెట్టండి.

నిపుణుల పరిశీలన అంటే అసలు ఎవరు, ఏం చేస్తారు?

ఈ ఒక్క పేరు కింద మూడు నాలుగు వేర్వేరు పనులు నడుస్తుంటాయి. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

అందరికీ తెలిసినది పీర్ రివ్యూ. పేపర్ జర్నల్‌కు, అంటే పరిశోధనలు అచ్చువేసే పత్రికకు, చేరాక ఎడిటర్ దాన్ని అదే రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురికి పంపుతారు. వాళ్లు మామూలుగా డబ్బేమీ తీసుకోకుండా చదివి, లోపాలు రాసి పంపుతారు. అలాంటి రివ్యూల తర్వాత పేపర్ మారి వస్తుంది, లేదా తిరిగి వెళ్లిపోతుంది.

ఇంకోటి, పేపర్ అచ్చయ్యే రోజున విలేకరుల కోసం బయటి శాస్త్రవేత్తలు చెప్పే అభిప్రాయం. లండన్‌లో 2002లో మొదలైన సైన్స్ మీడియా సెంటర్ చేసే ముఖ్యమైన పనుల్లో ఇదొకటి. ఆ పనితో సంబంధం లేని నిపుణుల చేత నాలుగు మాటలు రాయించి విలేకరులకు అందిస్తుంది.

అచ్చయ్యాక జరిగే పరిశీలన వేరు. 2012లో వచ్చిన పబ్‌పీర్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా, పేరు చెప్పకుండా కూడా, ఏ పేపర్ మీదైనా అనుమానం రాయవచ్చు. 1993లో ఏర్పడిన కాక్రేన్ లాంటి సంస్థలు ఒకే ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ పోగుచేసి జల్లెడ పడతాయి.

వీళ్లలో దాదాపు ఎవరూ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడరు. రాసి పంపిన దాన్ని చదువుతారు, అంతే. ఇది తెలిస్తే సగం అపోహలు పోతాయి.

పీర్ రివ్యూ అయిందంటే అది నిజమనే కదా?

కాదు. పైపైన చూస్తే కనిపించే తప్పులు అందులో ఉండే అవకాశం తగ్గిందని మాత్రమే.

బ్రిటిష్ మెడికల్ జర్నల్ వాళ్లు తమ రివ్యూయర్ల మీదే ఒక ప్రయోగం చేశారు. అచ్చుకు సిద్ధంగా ఉన్న ఒక పేపర్‌లో కావాలని ఎనిమిది లోపాలు చొప్పించి నాలుగు వందల మందికి పైగా రివ్యూయర్లకు పంపితే, రెండు వందల మందికి పైగా రివ్యూ రాశారు. సగటున ఒక్కొక్కరు పట్టుకున్నవి రెండు. ఈ ఫలితం 1998లో అచ్చయింది. ఇది చదివి రివ్యూయర్లను తిట్టుకోకండి. పగలంతా సొంత పని చేసుకుని, రాత్రి పదింటికి కూర్చుని వేరేవాళ్ల లెక్కలు చూసే మనిషికి దొరికేవి ఆ మాత్రమే.

పక్షపాతం సంగతి కూడా ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా. 2022లో ఆర్థికశాస్త్రంలో ఒకే పేపర్‌ను వందల మంది రివ్యూయర్లకు పంపి చూశారు. కొందరికి నోబెల్ గ్రహీత పేరుతో, కొందరికి ఎవరికీ తెలియని కుర్ర పరిశోధకుడి పేరుతో. కుర్రవాడి పేరు కనిపించినప్పుడు తిరస్కరించమన్నవాళ్లు 65 శాతం. నోబెల్ పేరు కనిపించినప్పుడు 23 శాతం. లోపల అక్షరం కూడా మారలేదు. జీవశాస్త్రంలోనూ మనుషులు మనుషులే.

ఇంకో మాట. పీర్ రివ్యూ అనేది అనాదిగా ఉన్న ఆచారమేమీ కాదు. వాట్సన్, క్రిక్ 1953లో డీఎన్‌ఏ నిర్మాణం గురించి నేచర్‌లో రాసిన పేపర్‌కు పీర్ రివ్యూ జరగలేదు. ఆ జర్నల్ ప్రతి పేపర్‌కూ రివ్యూ తప్పనిసరి చేసింది 1973లో.

పెద్ద జర్నల్‌లో వస్తే నమ్మొచ్చు కదా?

పెద్ద జర్నల్‌కు వడపోత గట్టిగా ఉంటుంది. అదే సమయంలో సంచలనం మీద మోజు కూడా ఉంటుంది. రెండూ కలిసే పనిచేస్తాయి.

టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పేపర్ 1998లో లాన్సెట్‌లో వచ్చింది. అందులో ఉన్నది పన్నెండు మంది పిల్లలు. దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోవడానికి 2010 దాకా పట్టింది. ఆ పన్నెండేళ్లలో పుట్టిన భయం ఇప్పటికీ పోలేదు.

2020 మే 22న అదే జర్నల్‌లో, మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడిన కోవిడ్ రోగుల్లో మరణాలు ఎక్కువని ఒక పేపర్ వచ్చింది. ఆరు ఖండాలు, 671 ఆసుపత్రులు, 96 వేల మంది రోగులు. అంకెలు చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. మూడు రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రోగుల మీద మందులు పరీక్షించే తన ట్రయల్‌లో ఆ మందు భాగాన్ని ఆపేసింది. అయితే కొందరు పాఠకులు కూర్చుని లెక్కలు సరిచూశారు. ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియాలోని అయిదు ఆసుపత్రుల్లో 73 మంది చనిపోయారని పేపర్ అంటోంది. అదే తేదీకి దేశం మొత్తం మీద నమోదైన కోవిడ్ మరణాలు 67. అయిదు ఆసుపత్రుల్లో చనిపోయినవాళ్లు దేశమంతటా చనిపోయినవాళ్లకంటే ఎక్కువ ఎలా అవుతారు? అసలు డేటా చూపించమంటే, దాన్ని అందించిన సర్జిస్ఫియర్ అనే కంపెనీ చూపించలేదు. జూన్ 4న పేపర్ వెనక్కి వెళ్లిపోయింది.

ఆ తప్పు పట్టుకోవడానికి కావలసింది కూడికలు, తీసివేతలు, కాస్త ఓపిక. రివ్యూయర్లకు అది దొరకకుండా పోయిందంటే, అంత పెద్ద శాంపిల్ చూడగానే అనుమానం పక్కకు తప్పుకుందనే నేను అనుకుంటాను.

ప్రీప్రింట్ అంటే పట్టించుకోనక్కర్లేదా?

ప్రీప్రింట్ అంటే రివ్యూ కాకముందే అందరికీ కనిపించేలా పెట్టిన పేపర్. జీవశాస్త్రానికి బయోఆర్కైవ్ 2013లో, వైద్యానికి మెడ్‌ఆర్కైవ్ 2019లో వచ్చాయి. రివ్యూ కాలేదు కాబట్టి చెత్త అనుకోవడం, అందరికంటే ముందు వచ్చింది కాబట్టి గొప్ప అనుకోవడం, రెండూ తొందరపాటే.

బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ చూడండి. డెక్సామెథసోన్ అనే పాత, చవక స్టెరాయిడ్ కోవిడ్ మరణాలను తగ్గిస్తుందన్న ఫలితం 2020 జూన్‌లో ప్రీప్రింట్‌గా వచ్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల్లో చనిపోయినవాళ్లు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గారు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మాత్రం ఏ మేలూ కనిపించలేదు. జర్నల్‌లో అచ్చయ్యేదాకా ఆగి ఉంటే ఎన్నో ప్రాణాలు పోయేవి.

దాన్ని అంత త్వరగా నమ్మడానికి కారణం ఉంది. 6,425 మందిని లాటరీ పద్ధతిలో రెండు గ్రూపులుగా విడదీశారు, ఏం కొలుస్తామో ముందే రాసి పెట్టుకున్నారు, చివరికి లెక్కపెట్టింది మరణాలను. "కాస్త మెరుగ్గా అనిపించింది" లాంటి మెత్తటి కొలతకు అందులో చోటు లేదు.

పేపర్ చేతికి రాగానే నిపుణులు ముందు ఏం చూస్తారు?

ఒక్కొక్కరిది ఒక్కో అలవాటు. నేను ముందు సారాంశం చదవను. నేరుగా పద్ధతులు, ఆ తర్వాత బొమ్మలు, ఆఖరున సారాంశం. రచయితలు ఏం చెప్పదలచుకున్నారో ముందే చదివితే, కళ్లు దాన్నే వెతుక్కుంటాయి.

ఒక ఉదాహరణ. పద్ధతుల్లో "ఒక్కో గ్రూపుకు 12 ఎలుకలు" అని ఉందనుకోండి. బొమ్మ దగ్గరికి వెళ్తే, మందు ఇచ్చిన గ్రూపులో తొమ్మిది చుక్కలే ఉన్నాయి. ఒక్కో చుక్క ఒక్కో ఎలుక. మిగతా మూడూ ఏమయ్యాయి? చచ్చిపోయాయా? ఫలితం కలిసిరాలేదని పక్కన పెట్టారా? పరికరం పాడైందా? ఏ సమాధానమైనా రావచ్చు, కానీ పేపర్‌లో అది రాసి ఉండాలి. మందు వల్లే ఆ మూడూ చచ్చిపోయి ఉంటే, బతికిన తొమ్మిదింటి సగటు చూసి "మందు పనిచేసింది" అనడం ఎంత దారుణమో ఆలోచించండి. వేలితో చుక్కలు లెక్కపెట్టడం చాదస్తంగా కనిపిస్తుంది గానీ, నాకు తెలిసి ఇంతకంటే పదునైన పరీక్ష తక్కువ.

ఆ తర్వాతి ప్రశ్న: ఎలుకను చూసి మార్కులు వేసినవాళ్లకు ఏది మందు తీసుకున్న ఎలుకో తెలుసా? తెలిస్తే కన్ను మోసం చేస్తుంది, మనిషి మంచివాడైనా సరే. అటుపైన కంట్రోల్ గ్రూపు (పోలిక కోసం పెట్టుకున్న, మందు ఇవ్వని గ్రూపు) సరైనదేనా, ఏం కొలుస్తామో ముందే నమోదు చేశారా లేక చేతికి అందిన పది కొలతల్లో బాగున్నదాన్ని ఏరుకున్నారా అని చూస్తాను.

ఇంత వెతికేదీ ఒక్క విషయం కోసమే. వాళ్లు కళ్లతో చూసింది ఎంత, నోటితో చెప్తున్నది ఎంత, ఆ రెంటికీ మధ్య ఎడం ఎంత. "ఈ ప్రొటీన్ తీసేస్తే ఎలుక దారి మర్చిపోయింది" అనేది చూసిన సంగతి. "జ్ఞాపకశక్తికి మూలం దొరికింది" అనేది చెప్పిన సంగతి. నిపుణుల అభిప్రాయం ఎక్కడ చదివినా, ఈ ఎడం గురించి వాళ్లేమన్నారో వెతకండి. "మంచి పని", "ఆసక్తికరం" లాంటివి మర్యాద మాటలు.

పి-విలువ 0.05 కంటే తక్కువ అంటే 95 శాతం నిజమనేనా?

కాదు. చాలామంది పరిశోధకులు కూడా ఇలాగే పొరబడతారు. నిజానికి ఏ తేడా లేకపోయినా, కేవలం అదృష్టం కొద్దీ ఇంత తేడా గానీ ఇంతకంటే ఎక్కువ గానీ కనిపించే అవకాశం ఎంత అన్నదే పి-విలువ. "ఈ సిద్ధాంతం నిజమయ్యే అవకాశం" అన్నది వేరే ప్రశ్న. దానికి ఈ అంకె ఒక్కటే జవాబు చెప్పలేదు. 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ దీని మీద ప్రత్యేకంగా ఒక ప్రకటన ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

"ప్రేమలో పడితే మెదడులో ఈ భాగం వెలుగుతుంది" లాంటి స్కాన్ వార్తలు?

ఇక్కడ కాస్త ఆగుదాం. న్యూరోసైన్స్‌లో నిపుణులు ఎక్కువగా తల పట్టుకునేది ఈ చోటే.

మెదడులో ఏదీ వెలగదు. ఎఫ్‌ఎంఆర్‌ఐ యంత్రం కొలిచేది రక్తంలో ఆక్సిజన్ మార్పును. నరాల కణాలు పనిచేసిన చోటికి రక్తం ఎక్కువగా పారుతుంది, ఆ పారుదల కొన్ని సెకన్లు ఆలస్యంగా కనిపిస్తుంది. ఆ రంగులు కంప్యూటర్ లెక్క కట్టి వేసినవి. మెదడు బొమ్మను చిన్న చిన్న ఘనాలుగా కోసి, ఒక్కో ఘనానికీ విడివిడిగా "ఇక్కడ మార్పుందా?" అని పరీక్ష పెడతారు. ఘనాలు లక్ష ఉన్నాయనుకుందాం. వెయ్యిలో ఒకసారి మాత్రమే పొరపాటు పడే గట్టి పరీక్షే పెట్టినా, ఏమీ జరగని మెదడులో కూడా వంద ఘనాలు ఉత్తపుణ్యానికి రంగు పులుముకుంటాయి.

ఇది చూపించడానికే 2009లో క్రెయిగ్ బెనెట్, ఆయన సహచరులు ఒక సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టారు. చచ్చిన చేప. దానికి మనుషుల ఫోటోలు చూపించి, ఆ మనిషి ఏ భావంలో ఉన్నాడో చెప్పమని అడిగారు. జనానికి పెట్టే పరీక్షే చేపకూ పెట్టారు. చేప మెదడులో కొన్ని చోట్ల "స్పందన" కనిపించింది! అన్ని పరీక్షలు ఒకేసారి చేస్తున్నందుకు లెక్కలో చేయాల్సిన సవరణ చేయగానే ఆ స్పందన మాయమైంది. 2012లో వాళ్లకు ఇగ్ నోబెల్, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి, వచ్చింది. నవ్వు సరే, అప్పటికి అచ్చయిన పేపర్లలో ఆ సవరణ చేయనివి చాలానే ఉన్నాయి.

సవరణ చేసినా కథ అయిపోలేదు. ఆండర్స్ ఎక్లుండ్ బృందం 2016లో చూపించినదాని ప్రకారం, అందరూ వాడే సాఫ్ట్‌వేర్లలో కొన్ని పద్ధతుల వల్ల, 5 శాతం దగ్గర ఆగాల్సిన తప్పుడు ఫలితాలు కొన్ని సందర్భాల్లో 70 శాతం దాకా పోయాయి. మెదడు నిర్మాణాన్ని బట్టి మనిషి తెలివినో, మానసిక ఆరోగ్యాన్నో చెప్పాలనుకునే అధ్యయనాల సంగతి 2022లో నేచర్‌లో వచ్చింది. సుమారు 50 వేల మంది స్కాన్‌లు కలిపి చూస్తే, అలాంటి సంబంధాలు నిలకడగా కనిపించాలంటే వేల మంది కావాలని తేలింది. అప్పటిదాకా ఈ రంగంలో మామూలు శాంపిల్ పాతిక మంది.

కాబట్టి స్కాన్ వార్త కనిపిస్తే నేను మొదట వెతికేది ఎంతమందిని స్కాన్ చేశారన్న అంకె. రంగుల బొమ్మ తర్వాత చూస్తాను. (బొమ్మ ఎంత అందంగా ఉంటే నాకు అంత టెన్షన్.)

ఎలుకల్లో పనిచేసింది మనుషుల్లో పనిచేయదా?

కొన్ని పనిచేస్తాయి, ఎక్కువ పనిచేయవు. అల్జీమర్స్ ఎలుకలకు ఆ జబ్బు సహజంగా రాదు, జన్యువులు మార్చి తెప్పిస్తారు. అలా తెచ్చిన జబ్బు తగ్గించగానే మనిషి మతిమరుపు తగ్గించినట్టు రాయడం, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టే. శీర్షికలో "ఎలుకల్లో" అన్న మాట లేకపోతే వార్త మధ్యలో వెతకండి, ఐదారు పేరాల కింద దొరుకుతుంది.

ఎలుకల్లోనైనా, గాజు పళ్లెంలోని కణాల్లోనైనా, అదే ప్రయోగం రెండోసారి చేస్తే అదే ఫలితం వస్తుందా అన్నది ఇంకో సమస్య. క్యాన్సర్ జీవశాస్త్రంలో పేరున్న 53 పేపర్ల నుంచి 193 ప్రయోగాలు మళ్లీ చేయాలని ఒక బృందం పూనుకుంది. 2021లో లెక్క తేలేసరికి చేయగలిగినవి 23 పేపర్ల నుంచి 50 ప్రయోగాలు. ఆ 193లో ఒక్కదానికి కూడా, రచయితలను అడగకుండా మళ్లీ చేయడానికి సరిపడా వివరం పేపర్‌లో లేదు. మళ్లీ చేసినప్పుడు కనిపించిన ప్రభావం, మధ్యస్థ విలువ చూస్తే, మొదట చెప్పినదానికంటే 85 శాతం చిన్నది.

"ముప్పు రెట్టింపు", "జబ్బు 27 శాతం తగ్గింది" అంటే ఎంత?

దేనికి రెట్టింపు, దేనిలో 27 శాతం అని అడగకుండా ఆ అంకెకు అర్థం లేదు.

1995లో బ్రిటన్‌లో కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు వంద శాతం పెరుగుతుందన్న హెచ్చరిక వెళ్లింది. అసలు సంగతి, ఏడు వేల మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది. వంద శాతం అన్నమాట అబద్ధం కాదు. జనం భయపడి మాత్రలు మానేశారు. మరుసటి ఏడు ఇంగ్లండ్, వేల్స్‌లో అదనంగా సుమారు 13 వేల గర్భస్రావాలు జరిగాయని అంచనా. గర్భం వస్తే రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలకంటే ఎక్కువ. ఆ మాట హెచ్చరికతో పాటే వెళ్లి ఉండాల్సింది.

ఇక 27 శాతం. అల్జీమర్స్ తొలి దశలో ఇచ్చే లెకానెమాబ్ మందు ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చినప్పుడు శీర్షికలన్నిటిలో ఈ అంకే. 1,795 మంది, 18 నెలలు. జబ్బు తీవ్రతను 0 నుంచి 18 దాకా ఉండే ఒక కొలమానం మీద కొలిచారు. అంకె పెరిగితే జబ్బు ముదిరినట్టు. ఉత్త ద్రావణం ఎక్కించుకున్నవాళ్లకు 1.66 పెరిగింది, మందు ఎక్కించుకున్నవాళ్లకు 1.21 పెరిగింది. తేడా 0.45. ఆ 0.45ను 1.66తో భాగించండి, 27 శాతం వస్తుంది. అదే 18 మీద చూస్తే రెండున్నర శాతం.

రెండు అంకెలూ నిజమే. ఒకే తేడాను రెండు రకాలుగా చెప్పడమే. దీని మీద నిపుణులు రెండుగా చీలిపోయారు. జబ్బు మూలం మీద దెబ్బకొట్టి దాని నడకను మందగింపజేయడం గొప్ప మలుపని కొందరన్నారు. అర పాయింటు తేడా రోగికో, ఇంట్లోవాళ్లకో తెలియనే తెలియదని ఇంకొందరన్నారు. మందు తీసుకున్నవాళ్లలో 12.6 శాతం మందికి స్కాన్‌లో మెదడు వాపు కనిపించింది, రెండో గ్రూపులో 1.7 శాతం మందికే. చాలామందిలో దానికి లక్షణాలేవీ లేవు, కానీ మాటిమాటికీ స్కాన్ చేయించుకోవాలి. ఆ ట్రయల్‌లో మందును రెండు వారాలకోసారి నరం ద్వారా ఎక్కించారు. ఈ లెక్కలన్నీ ముందు పెట్టుకుని "అర పాయింటు చాలా?" అని అడిగితే జవాబు ఒక్కో ఇంట్లో ఒక్కోలా వస్తుంది. నాకు మాత్రం ఆ శీర్షికల్లో 27 పక్కన 0.45 కూడా అచ్చువేసి ఉండాల్సిందనిపిస్తుంది.

లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించి చెప్పిన ఫలితం గట్టిదే కదా?

కాకతాళీయం అన్న మాట మనకు ఉండనే ఉంది. కాకి వాలింది, తాటిపండు పడింది. లక్ష కాకులను గమనించినా, అవి పండిన చెట్లమీదే ఎక్కువగా వాలుతుంటే లెక్క తప్పుతుంది.

నెలసరి ఆగిన స్త్రీలు హార్మోన్లు వాడితే గుండెజబ్బు తగ్గుతుందని పెద్ద పెద్ద పరిశీలనల్లో ఏళ్ల తరబడి కనిపించింది. అమెరికాలో 16,608 మంది స్త్రీలను లాటరీ పద్ధతిలో విడదీసి, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చి చూశారు. 2002లో ఆ ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరిగింది, గుండెజబ్బు తగ్గకపోగా కాస్త పెరిగింది. హార్మోన్లు అడిగి మరీ వాడినవాళ్లు అంతకు ముందు నుంచే డబ్బు, చదువు, వైద్యం అందుబాటులో ఉన్నవాళ్లు కావడం ఈ తేడాకు ఒక కారణం. ఏ వయసులో మొదలుపెట్టారన్నది ఇంకో కారణం. ఆ ట్రయల్‌లో సగటు వయసు 63. నెలసరి ఆగిన కొత్తలో మొదలుపెట్టేవాళ్ల లెక్క వేరని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. అంటే పరిశీలనదీ తప్పు కావచ్చు, ట్రయల్‌ను అందరికీ ఒకేలా అన్వయించడమూ తప్పు కావచ్చు.

అలాగని పరిశీలనలను కొట్టిపారేయలేం. పొగతాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని తేల్చింది అవే. ఎవరినీ ఇరవై ఏళ్లు పొగతాగమని లాటరీ వేయలేం కదా.

నిపుణులే ఒకరితో ఒకరు గొడవపడితే మేమేం చేయాలి?

దేని మీద గొడవపడుతున్నారో చూడండి. అంకెల మీద గొడవైతే ఇంకో అధ్యయనం తేలుస్తుంది. అంకెలు ఒప్పుకుని, వాటి అర్థం మీద గొడవపడుతుంటే (పైన 0.45 లాగా) అది విలువల గొడవ, అందులో మీ మాటకూ చోటుంది.

ఒంటరిగా ఎదురు మాట్లాడేవాళ్లను చూసి "గెలీలియోనూ ఇలాగే అన్నారు" అనే వాదన తరచుగా వినిపిస్తుంది. కడుపు పూతకు బాక్టీరియా కారణమన్న బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లను మొదట ఎవరూ నమ్మలేదు, నిజమే. 2005లో నోబెల్ వచ్చింది, అదీ నిజమే. కానీ వాళ్లు గెలిచింది సాక్ష్యం పోగేసి. యాంటీబయాటిక్ ఇస్తే పూత తిరగబెట్టడం లేదని వేరేవాళ్లు కూడా చూడగలిగారు.

పరిశోధనకు మందుల కంపెనీయే డబ్బిస్తే?

అనుమానించండి, కొట్టేయకండి. కొత్త మందుల పెద్ద ట్రయల్స్ చాలావాటికి డబ్బు పెట్టేది కంపెనీలే. నిపుణులు చూసేది, ఏం కొలుస్తామో ముందే నమోదు చేశారా, అదే కొలిచారా, డేటాను బయటివాళ్లు కూడా విశ్లేషించారా అని. అభిప్రాయం చెప్పే నిపుణుడు కూడా అదే కంపెనీ నుంచి ఫీజు తీసుకుంటున్నాడేమో చూడాలి. మంచి నిపుణులు అడక్కుండానే చెప్తారు.

రివ్యూయర్లు ఏం రాశారో మేం చదవొచ్చా?

ఈమధ్య బాగానే దొరుకుతున్నాయి. ఎంబో జర్నల్ 2009 నుంచే రివ్యూలు బయటపెడుతోంది. నేచర్ 2025 జూన్ నుంచి తనకు వచ్చే కొత్త పేపర్లకు, అచ్చయితే, రివ్యూలు కూడా జతచేస్తామని చెప్పింది.

ఈలైఫ్ అనే జర్నల్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2023 నుంచి అక్కడ రివ్యూ తర్వాత "అంగీకారం", "తిరస్కారం" లేవు. రివ్యూకు తీసుకున్న ప్రతి పేపర్‌నూ, దాని మీద నిపుణుల తూకంతో సహా ప్రచురిస్తారు. తూకానికి రెండు పళ్లాలు. ఫలితం ఎంత ముఖ్యమన్నది ఒకటి, సాక్ష్యం ఎంత గట్టిదన్నది రెండోది. ఒక్కోదానికీ ముందే నిర్ణయించిన మాటలుంటాయి. సాక్ష్యం వైపు పైమెట్టు "అసాధారణం", కిందిమెట్టు "చాలదు", దానికి ఒక మెట్టు పైన "అసంపూర్ణం". "ముఖ్యమైన ఫలితం, అసంపూర్ణమైన సాక్ష్యం" అని ఒక పేపర్ నెత్తిన రాసి ఉంటే, నేను పైన చెప్పిన ఎడాన్ని వాళ్లు ఒక్క వాక్యంలో చెప్పేసినట్టే. దీని వల్ల ఆ జర్నల్‌కు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (దాని పేపర్లను వేరేవాళ్లు సగటున ఎంతగా ఉదహరిస్తున్నారన్న అంకె) పోయింది. నా దృష్టిలో పోయినా ఫరవాలేదు.

మొదటిసారి రివ్యూ చదివేవాళ్లకు ఒక సూచన. వీళ్ల భాష మెత్తగా ఉంటుంది. "రచయితలు తమ నిర్ధారణను కొంచెం తగ్గించి చెప్పడం గురించి ఆలోచించవచ్చు" అంటే, "ఈ మాట అనడానికి మీ దగ్గర సాక్ష్యం లేదు" అని.

ఏఐ చేత పేపర్ సారాంశం రాయించుకుంటే సరిపోదా?

భాష అర్థం కాకపోతే పనికొస్తుంది. కానీ అది రచయితలు చెప్పినదాన్నే చక్కగా తిరగరాస్తుంది, పోయిన మూడు ఎలుకలను అది అడుగుతుందన్న నమ్మకం నాకు లేదు. పరిశోధన నిధుల (గ్రాంట్ల) దరఖాస్తులు పరిశీలించే రివ్యూయర్లు ఏఐ వాడకూడదని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, ఎన్‌ఐహెచ్, 2023లోనే నియమం పెట్టింది. రహస్యంగా ఉంచాల్సిన కాగితాలు బయటికి పోతాయన్నది అక్కడ ముఖ్యమైన భయం.

తప్పని తేలిన పేపర్ ఏమవుతుంది?

జర్నల్ దాన్ని ఉపసంహరిస్తుంది. పేపర్ చెరిగిపోదు, మీద "ఉపసంహరించబడింది" అన్న ముద్ర పడుతుంది. 2023లో ఒక్క ఏడాదిలోనే అలాంటివి పది వేలు దాటాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే ప్రచురణ సంస్థవి, డబ్బు తీసుకుని దొంగ పేపర్లు తయారుచేసే ముఠాల పని.

ఉపసంహరణ అంటే మోసమే అనుకోవక్కర్లేదు. తమ లెక్కలో పొరపాటు తామే పట్టుకుని వెనక్కి తీసుకున్నవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్ల తర్వాతి పేపర్‌ను నేను ఇంకాస్త నమ్మకంతో చదువుతాను.

బాధ ఏమిటంటే ఆలస్యం. అల్జీమర్స్‌కు అమిలాయిడ్ అనే ప్రొటీన్ తాలూకు ఒక ప్రత్యేకమైన ముద్ద కారణమన్న పేపర్ 2006లో నేచర్‌లో వచ్చింది. అందులోని బొమ్మలను అతికించి మార్చారన్న అనుమానాలు 2022లో సైన్స్ పత్రికలో బయటికొచ్చాయి. ఉపసంహరణ జరిగింది 2024 జూన్‌లో. ఈ పద్దెనిమిదేళ్లలో వేల పేపర్లు దాన్ని ఆధారంగా చూపించాయి. అంతమాత్రాన అమిలాయిడ్ సిద్ధాంతం మొత్తం కూలిపోయిందనడం ఇంకో అతి. పైన చెప్పిన లెకానెమాబ్ కూడా అమిలాయిడ్ మీదే పనిచేస్తుంది, దాని సాక్ష్యం వేరు.

ఏ పేపర్ అయినా ఉపసంహరణ అయిందో లేదో చూడాలంటే పబ్‌మెడ్ అనే ఉచిత వైద్య పేపర్ల వెబ్‌సైట్‌లో పేరు కొట్టండి, ముద్ర ఉంటే పైనే కనిపిస్తుంది. 2010లో ఇద్దరు విలేకరులు మొదలుపెట్టిన రిట్రాక్షన్ వాచ్ జాబితా కూడా ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

కొత్త అధ్యయనం చూసి నేను వాడుతున్న మందు మానేయొచ్చా?

వద్దు. ఆ వార్తను దాచుకుని, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు చూపించండి. రెండు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి: "ఈ అధ్యయనంలో ఉన్నవాళ్లు నా వయసు, నా జబ్బు ఉన్నవాళ్లేనా?", "నాలాంటివాళ్లు వెయ్యి మంది ఉంటే ఈ మందు వల్ల ఎంతమందికి మేలు, ఎంతమందికి కీడు?" రెండోదానికి వెంటనే జవాబు రాకపోవచ్చు. వెతికి చెప్తాననే డాక్టర్ దొరికితే వదులుకోకండి.